కాదనడానికి ఒక మనిషి

గత ఆదివారం ఇక్కడ డబ్లిన్‌లో, మా వీధిలోని ఒక తెలుగువారింట పుట్టినరోజు విందుకు వెళ్ళాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక అబ్బాయి నా చేతిలోని లావుపాటి తర్కగ్రంథాన్ని చూసి, "అంకుల్, ఇంకా మొత్తం చదువుతూ కూర్చుంటున్నారా? నా ఫోన్‌కి చెప్తే పది లైన్లలో ఇచ్చేస్తుంది" అన్నాడు. నిజంగానే ఇచ్చింది. మూడు వందల పుటలు పది వాక్యాలయ్యాయి. వాటిలో సిద్ధాంతం ఉంది, పూర్వపక్షం లేదు. ఎవరు ఎదురు చెప్పారో, ఏమని చెప్పారో, ఎక్కడ ఓడిపోయారో ఒక్క ముక్క లేదు.

"ఇందులో ఓడినవాడేడయ్యా?" అని అడిగాను.

"ఓడినవాడు మనకెందుకంకుల్?" అన్నాడు.

నేను చేతిలోని పళ్ళెం కింద పెట్టి మాట్లాడడానికి సిద్ధపడ్డాను. మా ఆవిడ మోచేయి పట్టుకుని, "ఏమండీ, ఇది పుట్టినరోజండీ. కేకు తినండి" అంది. కేకు తిన్నాను. ఇంటికి వచ్చి, అలమారలోంచి పదిహేడో నంబరు నోట్‌బుక్కు తీశాను. ఆ అబ్బాయికి సమాధానం చెప్పదగిన మనిషి అందులో ఉన్నారు. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన గురించి ఇంతవరకూ ఏమీ రాయకపోవడం నా లోపమని ముందుగా నమోదు చేస్తున్నాను.

ఆయన డబ్లిన్‌లో పుట్టి, డబ్లిన్‌లోనే ముసలివారైన యూదుడు. పేరు రాయను. మనిషి వివరాలు కాగితం మీదికి ఎక్కించే ముందు అతని అనుమతి తీసుకోవాలన్నది నా వృత్తి నియమం. నాలుగేళ్ళ పరిచయంలో ఆ అనుమతి ఒక్కటే అడగడం మరిచిపోయాను.

ఏ వార్త చెప్పినా ఆయన నోట వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "కాదన్నవాళ్ళెవరు?" రేపు వాన పడుతుందని రేడియో చెబితే, "కాదన్నవాళ్ళెవరు?" కంటి డాక్టరు ఆయన్ని పరీక్షించి చూపు మధ్యలో మచ్చ పెరుగుతోందని చెప్పినప్పుడు కూడా ఆ డాక్టరమ్మను అదే అడిగారట. "ఎవరూ లేరండీ" అని ఆమె అన్నదట. "అయితే ఈ విషయం మీద ఇంకా సరిగ్గా ఆలోచించలేదన్నమాట" అని లేచి వచ్చేశారు. వాదిస్తున్నప్పుడు ఆయన కుడిచేతి బొటనవేలు కిందికి వంగి, గిన్నె అడుగున మిగిలిన పెరుగు తీస్తున్నట్టుగా పైకి లేచేది. ఆ వేలు లేచిందంటే ఎదుటివాడి మాటలో కన్నం దొరికిందని అర్థం. నేను భయపడిన బొటనవేలు ప్రపంచంలో అదొక్కటే.

నేను ముప్పై నాలుగేళ్ళు మందుల కర్మాగారాల్లో రికార్డులు తనిఖీ చేసినవాణ్ణి. మొదట హైదరాబాదులో, తరువాత ఈ ఐర్లండు దేశంలో. మా పరిచయం కూడా ఒక రికార్డు దగ్గరే జరిగింది. లూవాస్ ట్రామ్ దారిలో ఉన్న ఒక చిన్న గ్రంథాలయంలో, చదువుకోవడానికి వచ్చేవాళ్ళు పేరూ వేళా రాసే పుస్తకం ఒకటి ఉండేది. ఒకనాడు అందులో ఎవరో తమ వేళ తప్పు రాసుకుని, దాని మీద తెల్లరంగు పూసి, మళ్ళీ రాశారు. మా వృత్తిలో ఇంతకన్న ఘోరం లేదు. తప్పు రాస్తే దాని మీద ఒక్కటే గీత గీయాలి. గీత కింద ఆ తప్పు స్పష్టంగా చదవడానికి రావాలి. పక్కన పొడి సంతకం, తేదీ ఉండాలి. బల్ల దగ్గరున్న అమ్మాయికి ఈ సంగతి వివరించాను. "దట్స్ గ్రాండ్, ఏం ఫరవాలేదు" అంది. ఈ ఊళ్ళో 'గ్రాండ్' అంటే బాగుందని కాదు, ఇక వదిలిపెట్టమని.

"గ్రాండ్ ఎలా అవుతుంది? ఆయన చెప్పేది వినమ్మా" అని నా వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. తిరిగి చూస్తే, మోచేతులు అరిగిన కోటులో ఒక బక్కపల్చటి వృద్ధుడు. "తప్పు ఎందుకు కనబడాలి? చెప్పండి" అని నన్నడిగారు.

"రేపు వచ్చి చూసేవాడికి మనం ఎక్కడ పొరబడ్డామో తెలియాలి కనుక."

"ఇది మీకెవరు నేర్పారు?"

"కర్మాగారం."

"మావాళ్ళు ఈ పని రెండు వేల ఏళ్ళ నుంచి చేస్తున్నారు, కర్మాగారం లేకుండానే" అని ఆయన నవ్వారు. "ఇద్దరు పండితులు వాదించుకుంటే మా పుస్తకాల్లో ఇద్దరి మాటా ఉంటుంది. ఓడినవాడి మాట తీసేస్తే, గెలిచినవాడు దేని మీద గెలిచినట్టు? సరే గాని, ఇన్‌స్పెక్టర్, ఆదివారం పొద్దున మీకేం పని?"

ఆనాటి నుంచి నాకు ఆయన పెట్టిన పేరు ఇన్‌స్పెక్టర్.

ఆదివారం మేముండే టాలాలో లూవాస్ ఎక్కి, రియాల్టోలో దిగి, ఎర్ర ఇటుకల ఇళ్ళ వరుసలో ఆయన ఇల్లు పట్టుకున్నాను. ముందు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక భూతద్దం దీపం, బల్ల మీద బరువైన సంపుటం. అందులో ఒక బస్సు టిక్కెట్టు పెట్టి ఉంది. ఆయన ఇబ్బంది అప్పుడు చెప్పారు. వాళ్ళ పెద్దల న్యాయచర్చలను ఎవరూ ఒంటరిగా చదవకూడదు, ఇద్దరు కూర్చుని చదవాలి. ఒకరు చెబితే రెండోవారు కాదనాలి. నలభై ఒక్క ఏళ్ళు ఆ రెండో కుర్చీలో కూర్చున్నది ఆయన భార్య. ఆయన ఆమెను 'హర్‌సెల్ఫ్' అనేవారు. పేరు పెట్టకుండా 'ఆవిడ' అనడం మన మగవాళ్ళకే వచ్చనుకున్నాను; ఐర్లండు మగవాళ్ళకూ వచ్చు.

"మా నాన్న కాలంలో ఆడవాళ్ళకు ఇది నేర్పేవారు కాదు. పెళ్ళయిన కొత్తలో నేను చదువుకుంటుంటే ఆవిడ వచ్చి, 'నేనూ కూర్చుంటాను, కానీ కాదనే హక్కు ఉంటేనే' అంది. ఆ హక్కు ఒక్కరోజు కూడా వృథా పోనివ్వలేదు" అన్నారు.

ఆమె చనిపోయేనాటికి ఈ సంపుటంలో పద్నాలుగు ఆకులు మిగిలిపోయాయి. రెండేళ్ళుగా బస్సు టిక్కెట్టు అక్కడే ఉంది. ఒక్కరే కూర్చుంటే తాను చెప్పిందల్లా సరిగ్గానే వినిపిస్తోందట, అంతకంటే అనుమానించవలసిన సంగతి ఇంకొకటి ఉండదట. ఈలోగా కంట్లో మచ్చ పెరుగుతోంది. పుట నడుమ పెద్ద అక్షరాల్లో ఉండే మూలం భూతద్దంతో కనబడుతోంది, అది కూడా ఎన్నాళ్ళో తెలియదు. చూపు ఉండగా సంపుటం ముగించాలి. దానికి కాదనే మనిషి కావాలి.

"మీరు దేవుణ్ణి నమ్ముతారా?" అని అడిగాను. ఇటువంటి విషయాలు మొదటే తేల్చుకోవడం నా అలవాటు.

"అది ఈ పేజీలో లేదు, ఇన్‌స్పెక్టర్" అన్నారు. మళ్ళీ ఆయనే, "మా నాన్న నమ్మాడు, చదవలేదు. నేను చదువుతాను, నమ్మను. ఇద్దరినీ కలిపితే ఒక మంచి యూదుడు" అన్నారు.

మన తెలుగు సంఘంలో ఒక పెద్దమనిషి, "జాగ్రత్తండోయ్, మిమ్మల్ని మతం మార్చేస్తాడేమో" అన్నాడు. ఆ అజ్ఞానానికి మండిపడుతూనే, ఆ మాట రియాల్టోలో ఆయనకు చెప్పాను. ఆయన పడిపడి నవ్వి, "ఉన్నవాళ్ళతోనే మాకు పడడం లేదు, ఇంకా కొత్తవాళ్ళా!" అన్నారు.

సరే, మొదటి ఆదివారమే ఒక పొరపాటు చేశాను. ఆయన టీ పెట్టడానికి లోపలికి వెళ్ళినప్పుడు, సంపుటం చూద్దామని అట్ట తెరిచాను. మనం తెరిచినట్టే, ఎడమనుంచి కుడికి. ఆ భాష కుడినుంచి ఎడమకు నడుస్తుందని, నేను తెరిచింది పుస్తకం చివరి పుట అని నాకు తోచలేదు. మూడు ఆకులు తిప్పాను. నాలుగో ఆకు అంచున, సన్నని పెన్సిలుతో, ఇంగ్లీషులో, చీమల బారులా రాత కనిపించింది. అక్కణ్ణించి ప్రతి ఆకుకూ ఉంది, బస్సు టిక్కెట్టు దాకా.

ఆయన కప్పులు తీసుకుని రాగానే, "ఈ అంచుల్లో రాసిందెవరు?" అని అడిగాను.

"ఏ అంచుల్లో?"

"టిక్కెట్టు తరువాతి ఆకుల్లో. 'ఇక్కడ ఆయన దగ్గి, పేజీ తిప్పేస్తాడు. తిప్పనివ్వకూడదు' అని ఉంది."

కప్పులు బల్ల మీద పెట్టడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఈ సంపుటం మొదలుపెట్టేనాటికే ఆయన చూపు మందగించింది, ఆ పెన్సిలు గీతలు కంటికి ఆనలేదు; అంతకు ముందు ఆవిడ ఎక్కడ రాసుకునేదో ఆవిడకే తెలియాలి. నలభై ఒక్క ఏళ్ళుగా ఆవిడ ఆ క్షణంలో తోచిన మాట అంటోందని, అంత చురుకైన బుర్ర ఈ ఊళ్ళో మరొకటి లేదని ఆయన నమ్ముతూ వచ్చారు. ఆమె మాత్రం ఆయన లేనప్పుడు ముందుకు ముందుకు చదువుకుని, సమాధానాలు సిద్ధం చేసుకుని మరీ వచ్చి కూర్చునేదన్నమాట.

"మోసం!" అని అరిచారు. తెల్లటి ముఖం ఎర్రబడింది. "నలభై ఒక్క ఏళ్ళు! పరీక్షపత్రం ముందే చూసుకుని వచ్చేదా!" అంటూ బల్ల మీద గుద్ది, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వడం మొదలుపెట్టారు. కాస్త తేరుకున్నాక వేలు చూపించి, "ఎంతదాకా రాసి ఉందో నాకు చెప్పవద్దు. ఏ ఆకుకు ఆ ఆకు చదవండి. ముందుది తెలిస్తే నేనూ ఆవిడలాగే అయిపోతాను" అన్నారు.

నాకు మాత్రం తెలిసిపోయింది. చివరి మూడు ఆకులూ ఖాళీ.

ఆ తరువాతి పదకొండు ఆదివారాలంత సంతోషంగా నేను ఏ ఉద్యోగంలోనూ పని చేయలేదు. ఆయన భూతద్దం కింద మూలం చదివి, అర్థం చెప్పి, తన వాదన వినిపించేవారు. నేను అంచు రాతలు చదివేవాణ్ణి. "ఇక్కడ తన మేనమామ కథ ఎత్తుతాడు. కథ సాక్ష్యం కాదని చెప్పాలి" అని ఆవిడ రాసి ఉంటే, అప్పటికే ఆయన మేనమామ కథలో సగం దూరం వచ్చేసి ఉండేవారు. "గొంతు పెంచితే గెలిచినట్టు కాదు, కిటికీ మూసినట్టు" అని మరొకచోట. ఆయన బొటనవేలు గాలిలోనే ఆగిపోయేది, "విన్నారా, విన్నారా ఆవిణ్ణి!" అని నన్నే సాక్షిగా పిలిచి, ఆనందం పట్టలేక గదిలో పచార్లు చేసి, మళ్ళీ వచ్చి ఆమెకు జవాబు చెప్పేవారు. రెండు పక్షాలూ నేను నా నోట్‌బుక్కులో రాసుకునేవాణ్ణి. తన మాట ఓడినచోట, సరిగ్గా రాశానో లేదో మళ్ళీ చదివించుకునేవారు.

ఇక ఆ ఇంటి వంటగది సంగతి. అక్కడ రెండు ప్రెస్సులు. ఈ దేశంలో గోడ అలమారను ప్రెస్సు అంటారు. ఎడమదానిలో పాలవంటల పళ్ళేలు, కుడిదానిలో మాంసం పళ్ళేలు. ఒకదానిలోది మరొకదానిలోకి పోకూడదు. "నమ్మనివారికి ఈ పట్టింపు దేనికి?" అన్నాను. "నమ్మకానికీ పళ్ళేలకూ ఏమిటి సంబంధం?" అని ఎదురడిగారు. మా ఆవిడ పంపిన పులిహోరలో పాలూ లేవు, మాంసమూ లేదు గనుక అది రెండు రకాల పళ్ళేలలోనూ తినవచ్చునని తేలింది. "నా వంటింట్లో రెండు ప్రెస్సులకూ ప్రవేశమున్న ఆడమనిషి మీ ఆవిడ ఒక్కరే" అని కబురు పంపారు. ఆమె ఆ వారం రెట్టింపు చేసి పంపింది.

పన్నెండో ఆదివారం దగ్గరపడింది. ఆవిడ రాతలు ఇక లేవు. ఈ మాట ఆయనతో ఎలా చెప్పాలి? ఆయనకు ఆవిడ మళ్ళీ బతికివచ్చినట్టుగా ఉన్న ఈ పదకొండు వారాల తరువాత, ఫలానా ఆకుతో ఆమె అయిపోయిందని నా నోటితో అనాలి. ఆ వారమంతా నాకు నిద్రపట్టలేదు. శనివారం నాడు, ముప్పై నాలుగేళ్ళలో ఎవరు చేసినా ఉద్యోగం ఊడగొట్టి ఉండే పని నేను చేశాను. నోట్‌బుక్కులో, ఆవిడ మాటగా, ఒక వాక్యం కల్పించి రాశాను.

మరునాడు ఆయన ఆకు చదివి, వాదన ముగించి, "ఇప్పుడు ఆవిడ?" అన్నారు.

గొంతు సవరించుకుని చదివాను: "ఇక్కడ ఆయన చెప్పేదే సరైనదని నాకూ అనిపిస్తోంది."

"ఇంకోసారి."

చదివాను.

"ఇన్‌స్పెక్టర్" అన్నారు చాలా మెల్లగా, "ఇన్నేళ్ళూ మీరు ఇతరుల దొంగరాతలు పట్టుకున్నారు. మీవి పట్టుకోవడానికి ఎవరినైనా పెట్టారా?"

నేను తల దించుకున్నాను.

"నలభై ఒక్క ఏళ్ళలో ఆవిడ నాతో ఒక్కసారి ఏకీభవించింది. సోఫా రంగు దగ్గర. మర్నాడు పొద్దున్నే ఆ మాట వెనక్కి తీసుకుంది!" అని చెప్పి, కుర్చీ కిర్రుమనేలా నవ్వారు. "ఏమిటయ్యా, నా పెళ్ళాన్ని నా చేతిలోనే ఓడిస్తావా! కొట్టేయి, కొట్టేయి!"

ఒక్కటే గీత గీశాను. పక్కన పొడి సంతకం, తేదీ. ఆయన నా వేలు పట్టుకుని గీత ఎక్కడుందో తడిమి తెలుసుకుని, దాని పక్కన తమ లిపిలో ఒక అక్షరం వేశారు, సాక్షిగా. నా రికార్డులన్నిటిలోనూ నేను చేసిన దొంగరాత అదొక్కటే. ఇప్పటికీ స్పష్టంగా చదవవచ్చు.

నవ్వు సద్దుమణిగాక, "అయితే ఇక లేవన్నమాట" అన్నారు.

"లేవు. ఇదీ, ఇంకా రెండు ఆకులూ."

భూతద్దాన్ని మళ్ళీ ఆకు మీదికి జరిపారు. "సరే. మీరేమంటారు?"

"నేనా? నేను నమోదు చేసేవాణ్ణి. నాకు అభిప్రాయాలు లేవు."

"గ్రంథాలయానికి వారానికొక ఫిర్యాదు రాసే మనిషికి అభిప్రాయాలు లేవా!"

ఆ ఆకూ, దాని తరువాతిదీ నేనే కాదన్నాను. బాగా కాదనలేదు. మర్యాద అడ్డం వచ్చేది. బొటనవేలు రెండు సార్లకు మించి లేవలేదు. "మీరు నాకు దారి ఇస్తున్నారు, ఇన్‌స్పెక్టర్. దారి ఇస్తే నేను పడిపోతాను" అని నొచ్చుకున్నారు.

సంపుటం ముగించిననాడు విందు చేయడం వాళ్ళ ఆచారం. అందుకని చివరి ఆదివారం మా ఆవిడ కూడా పులిహోర, గారెలు పట్టుకుని నాతో వచ్చింది. చివరి ఆకులో ఉన్న తగాదా ఇది: ఒకదాని పైన ఒకటిగా రెండు తోటలు. మధ్య గట్టు వాలులో ఆకుకూర మొలిచింది. నా మట్టిలోంచి వచ్చింది గనుక నాదంటాడు పైతోటవాడు. నా గాలిలోకి పెరిగింది గనుక నాదంటాడు కిందివాడు. ఆయన పైవాడి పక్షం.

మర్యాద ఆనాటితో సరి. నేను కృష్ణా డెల్టాలో పుట్టినవాణ్ణి. గట్టు తగాదాలో మా పెదనాన్నకు జరిగిన అన్యాయం నాకు ఇవాళ్టికీ మరపు రాదు. లేచి నిలబడి నలభై నిమిషాలు కిందివాడి తరఫున వాదించాను. బొటనవేలు లేచింది, పడింది, మళ్ళీ లేచింది. ఆయన ముఖం వెలిగిపోతోంది. అలా ఇద్దరం అరుచుకుంటుండగా, ఇంగ్లీషు బాగా అర్థమయినా మాట్లాడడానికి మొహమాటపడే మా ఆవిడ, గారెల డబ్బా మూత తీస్తూ తెలుగులో అంది:

"ఇంతకీ దానికి నీళ్ళు పోసిందెవరండీ?"

నేను అనువదించాను. ఆయన భూతద్దం కింద పెట్టేశారు.

"అది పుస్తకంలో లేదు" అన్నారు.

"ఉండదు. రాసినవాళ్ళు మగవాళ్ళు కదా" అంది మా ఆవిడ. "పైవాడూ కిందివాడూ పంచాయితీలో కూర్చుంటే, ఆ కూర ఎండిపోకుండా ఎవరో ఒకామె రోజూ బిందె మోసే ఉంటుంది. కూర ఆమెది."

"కాదు. మోసినంత మాత్రాన హక్కు రాదు!" అని ఆయన బల్ల గుద్దారు.

"ఎందుకు రాదు? ఆయన్ని చెప్పమనండి."

ఆయన చెప్పారు. ఆమె కాదంది. మళ్ళీ చెప్పారు. ఆమె ఒక గారె ఆయన పళ్ళెంలో వేసి, మళ్ళీ కాదంది. దారి ఇవ్వలేదు. అనువదించి అనువదించి నా గొంతు ఎండిపోయింది. చివరికి ఆయన కుర్చీలో వెనక్కి వాలి, చేతులు రెండూ పైకెత్తి, "ఒప్పుకోను. కానీ రాయండి" అన్నారు. పెన్సిలు ఆమె చేతికే ఇచ్చారు. రెండు వేల ఏళ్ళ వాదం ముగిసే పుట అంచున, మా ఆవిడ గుండ్రటి తెలుగు అక్షరాలతో రాసింది: "నీళ్ళు పోసినవాళ్ళది." ఆయన ఆ చోటును వేలితో తడిమి, మూడు చిన్న గ్లాసుల్లో విస్కీ పోశారు. మా ఆవిడది నేను తాగాను.

మేం బయలుదేరుతుండగా గుమ్మం దగ్గర ఆయన ఆమెతో, "వచ్చే ఆదివారం కొత్త సంపుటం మొదలుపెడుతున్నాం. మీరు రండి. ఇన్‌స్పెక్టర్ కావాలంటే టీ పెడతాడు" అన్నారు.

మనసు చివుక్కుమంది, దాన్నీ నమోదు చేశాను. కానీ ఆ ఆదివారం ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళాను. రెండో కుర్చీలో ఆమె కూర్చుంది. నేను వంటింట్లోకి వెళ్ళి, ఎడమ ప్రెస్సులోంచి కప్పులు తీసి, నీళ్ళు మరగబెట్టాను. ఆయన చదువుతున్న గొంతు, తరువాత అర్థం చెబుతున్న గొంతు వినిపించాయి. ఆ వెంటనే, అనువదించడానికి నేను గదిలో లేనన్న ఊసే లేకుండా, మా ఆవిడ:

"అలా ఎలా అవుతుందండీ?"

ఏమన్నారని ఆయన అడగలేదు. జవాబు చెప్పడం మొదలుపెట్టారు.